లివర్ 'పీ'లో ఇరుక్కుంటే గేర్‌బాక్స్ పోయినట్టేనా? ముందు బ్రేక్ లైట్ చూడండి

ఈసారి ఫోన్ రివ్యూ కాదు. ఒక మల్టీమీటర్, ఒక బ్లూటూత్ ఓబీడీ డాంగిల్, మా నాన్న కారు.

కారు 2012 మోడల్ పెట్రోల్ ఆటోమేటిక్. ఎడమ మోకాలి ఆపరేషన్ తర్వాత నాన్న క్లచ్ తొక్కలేకపోతుంటే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పోయిన నెల బందరు నుంచి మోపిదేవి గుడికి వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు ఇంజిన్ స్టార్ట్ అయింది, లివర్ మాత్రం 'పీ' నుంచి కదల్లేదు. అక్కడెవరో లివర్ పక్కన ఉన్న చిన్న మూత పీకి, లోపల తాళంచెవితో నొక్కి కదిలించారట. గేర్ మారేటప్పుడు కుదుపు అంతకుముందు నుంచే ఉంది. గుడివాడలో ఒక మెకానిక్‌కి చూపిస్తే "గేర్‌బాక్స్ దింపాలి బాబాయ్ గారూ, 60 వేలు అవుద్ది" అన్నాడు. కారు అమ్మితే వచ్చేదే లక్షన్నర. నాన్న అమ్మేద్దాం అన్నారు. అమ్మితే ఆయన డ్రైవింగ్ అక్కడితో ఆగిపోయినట్టే.

శనివారం ఇంటికెళ్లి మొదట చేసిన పని: ఫోన్‌ని కారు వెనక స్టూల్ మీద పెట్టి, వీడియో ఆన్ చేసి, బ్రేక్ తొక్కడం. వీడియోలో బ్రేక్ లైట్లు వెలగలేదు. దొరికేసింది!

ఎందుకంటే, బ్రేక్ తొక్కకుండా లివర్ కదలకూడదని ఆటోమేటిక్ కార్లలో షిఫ్ట్ లాక్ ఉంటుంది. పెడల్ దగ్గరున్న స్విచ్ సిగ్నల్ ఇస్తే లివర్ కింద ఉన్న సోలనాయిడ్ 'టిక్'మని పిన్నును వదులుతుంది. చాలా కార్లలో బ్రేక్ లైట్లకీ, ఈ లాక్‌కీ స్విచ్ ఒకటే. మన భాషలో కామన్ డిపెండెన్సీ. లైట్లు వెలగకపోతే ఫ్యూజ్, తర్వాత స్విచ్ చూడాలి. లైట్లు వెలుగుతూ 'టిక్' రాకపోతే సోలనాయిడ్ లేదా దాని వైరింగ్ మీద అనుమానం. మాది ఫ్యూజ్ బాగుంది, స్విచ్ పోయింది. కొత్తది 450 రూపాయలు.

ఇక్కడ నాకు ఒళ్లు జలదరించింది. లివర్‌ని అలా తప్పించి, చల్లపల్లి మీదుగా బందరు దాకా నాన్న బ్రేక్ లైట్లు లేకుండా వచ్చారు, అదీ లారీల ముందు. ఆ మూత కింద బటన్ కారును పక్కకి జరపడానికే. నొక్కేముందు హ్యాండ్‌బ్రేక్ వేయండి.

లివర్ కదిలింది, కుదుపు పోలేదు. డాంగిల్ పెడితే పీ0562 కోడ్ వచ్చింది, అంటే సిస్టమ్ వోల్టేజ్ తక్కువ. (చౌక డాంగిళ్లు చాలాసార్లు ఇంజిన్ కోడ్లే చదువుతాయి, గేర్‌బాక్స్ కంప్యూటర్ దాకా వెళ్లవు. కోడ్ లేదంటే గేర్‌బాక్స్ బాగున్నట్టు కాదు.) ఇంజిన్ ఆపి చూస్తే బ్యాటరీ 12.6 వోల్టులు, మంచిదే. ఇంజిన్ ఆన్‌లో కనీసం 13.8 ఉండాలి, మాకు 13.1.

అప్పుడు మల్టీమీటర్‌ని డీసీ వోల్టులలో పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కి, ఎర్రది ఇంజిన్ బ్లాక్‌కి ఆనించాను. నాన్న సెల్ఫ్ కొట్టారు. 1.1 వోల్టు. ఆ దారిలో 0.2 దాకా ఉంటే మంచిది, అర వోల్టు దాటకూడదు. ఎర్త్ వైరు విప్పితే లగ్గు నిండా పచ్చటి చిలుము! బందరు ఉప్పు గాలికి మా ఇంటి గేటు కీళ్లే ఆగవు, రాగి తీగ ఏం ఆగుతుంది. గేర్లు మార్చే సోలనాయిడ్లకి ఆయిల్ ప్రెషర్ సరిగ్గా ఇవ్వాలంటే కరెంటు నిలకడగా అందాలి. లేకపోతే మార్పు మొరటుగా ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ తీసి, శాండ్‌పేపర్‌తో రుద్ది, కొత్త ఎర్త్ వైరు బిగించాను. 0.15కి వచ్చింది, ఛార్జింగ్ 14 దాటింది.

యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం పెరిగి కారు ముందుకి పోకపోయినా, గేర్ ఆయిల్ నల్లబడి మాడు వాసన వచ్చినా ఇవేమీ పనిచేయవు. అప్పుడు ఆ మెకానిక్ చెప్పిందే కరెక్ట్. మా ఆయిల్ ఎర్రగానే ఉంది.

ఆదివారం పులిగడ్డ దాకా వెళ్లొచ్చాం, నాన్నే నడిపారు. కుదుపు లేదు. లివర్ పక్కన మూత మాత్రం మోపిదేవిలోనే ఎక్కడో పడిపోయింది, ఇప్పటికి టేప్ వేశాం.