నలుపు దగ్గర మొదలయ్యే బొమ్మ

2023 మార్చిలో ఒకే నెలలో రెండు తెలుగు సినిమాలు వచ్చాయి. రెండూ పాత కరీంనగర్ జిల్లా కథలే. మార్చి 3న వచ్చిన ‘బలగం’లో, చనిపోయిన కొమురయ్యకు పెట్టిన ముద్దను కాకి ముట్టకపోవడం చుట్టూ కథంతా తిరుగుతుంది. మార్చి 30న వచ్చిన ‘దసరా’ గోదావరిఖని వైపు బొగ్గు బావుల ఊళ్లో నడుస్తుంది. ఒకదాంట్లో కాకి, ఇంకోదాంట్లో బొగ్గు. ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టుకున్నవాళ్లకు తమ బొమ్మ సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదని నేననుకుంటాను. కాకి రెక్క మీద ఈకలు విడివిడిగా కనబడాలి. బొగ్గు అంటిన చెంప మీద మసి వేరు, చెమట వేరు అని తెలియాలి. అంతా కలిసి ఒకే నల్లటి ముద్దగా కనిపిస్తే కెమెరామన్‌ను అనుకోవద్దు. ప్లేయరుకూ టీవీకీ మధ్య ఉండే రిసీవర్ మెనూలోనో టీవీలోనో ఒక అంకె పక్కకు జరిగి ఉంటుంది.

ఆ అంకె ఒకప్పుడు చేత్తో తిప్పే మర. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్ తయారు చేసిన ‘ఈసీ’ టీవీల్లోనూ ఆ మరలుండేవి. 1975 ఆగస్టు 1న అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపే ‘సైట్’ ప్రయోగం మొదలైంది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 ఊళ్లకు టీవీలు చేరాయి. ఆ సెట్లు చేసిందీ ఈసీఐఎల్లే. మెదక్ జిల్లా పల్లెల్లో పది అడుగుల జాలీ డిష్‌లు లేచాయి. ఉత్తర తెలంగాణ మాత్రం ఇంకా ఆగాల్సి వచ్చింది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైనా బొమ్మ అక్కడిదాకా అందలేదు. టీవీ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, భూమి వంపును దాటి ఎక్కువ దూరం రావు. హైదరాబాద్ నుంచి కరీంనగర్ సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ సుమారు 300. ఉపగ్రహం నుంచి కార్యక్రమాన్ని అందుకుని చుట్టుపక్కలకు పంచే రిలే కేంద్రాలు వచ్చాకే ఇలాంటి దూరపు ఊళ్లలో బొమ్మ నిలకడగా పడింది. 1983లో కక్ష్యలోకి చేరిన ఇన్‌శాట్-1బి ఆ పనికి పునాది వేసింది.

ఆ పాత పెట్టెలో మరలు చేసే పని తెలిస్తే ఈనాటి మెనూ సులువుగా అర్థమవుతుంది. పిక్చర్ ట్యూబ్ వెనక నుంచి ఎలక్ట్రాన్ల ధార వచ్చి తెరను తాకుతుంది. ధార ఎంత బలంగా ఉంటే ఆ చోట అంత వెలుగు. కాంట్రాస్ట్ మర వచ్చిన సిగ్నల్‌ను పెద్దది చేస్తుంది, అంటే గుణిస్తుంది. బ్రైట్‌నెస్ మర సిగ్నల్ మొత్తానికి కొంత కలుపుతుంది, లేదా కొంత తీసేస్తుంది. సిగ్నల్ ‘నలుపు’ అన్నప్పుడు ధార పూర్తిగా ఆగాలా, కాస్త పారాలా అన్నది నిర్ణయించేది ఇదే. కాబట్టి బ్రైట్‌నెస్ నిజానికి నలుపును నిలబెట్టే మర. తెలుపును నిలబెట్టేది కాంట్రాస్ట్. బొమ్మ చీకటిగా ఉందని చాలామంది మొదట బ్రైట్‌నెస్ పెంచుతారు. అప్పుడు నలుపంతా బూడిద రంగుకు తిరుగుతుంది, బొమ్మ మీద పలచటి పొగ కమ్మినట్టు అవుతుంది. ఇప్పటి చాలా ఎల్‌సీడీ టీవీల్లో వెలుగు కోసం బ్యాక్‌లైట్ అనే సెట్టింగు వేరేగా ఉంటుంది. పగటిపూట ముట్టుకోవలసింది దాన్ని.

రంగు విషయానికి వస్తే మన దేశానికి ఒక అదృష్టం కలిసొచ్చింది. అమెరికా 1953లో ఆమోదించిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఏ రంగు అన్న సమాచారం తరంగం ఫేజ్‌లో, అంటే అది ఎప్పుడు లేచి పడుతుందన్న దానిలో, దాగి ఉంటుంది. దారిలో ఆ ఫేజ్ కాస్త జరిగితే మనిషి ముఖం పచ్చబారుతుంది, లేదా ఊదాగా మారుతుంది. అందుకే అమెరికా టీవీలకు ‘టింట్’ అనే మర ఉండేది, ఇంట్లోవాళ్లు దాన్ని తిప్పుతూ ఉండాల్సి వచ్చేది. జర్మనీలో టెలిఫుంకెన్ ఇంజనీరు వాల్టర్ బ్రూఖ్ దీనికి చేసిన ఉపాయం నాకెప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. రంగు సిగ్నల్‌లో ఒక భాగాన్ని, తెర మీద బొమ్మను గీసే గీత గీతకూ తిరగేసి పంపాడు. ఒక గీతలో పొరపాటు కుడికి జరిగితే పక్క గీతలో ఎడమకు జరుగుతుంది. రెండింటినీ కలిపి సగటు తీస్తే పొరపాటు రద్దయి, రంగు గాఢత మాత్రం కాస్త తగ్గుతుంది. సగటు తీయాలంటే ముందు గీతను 64 మైక్రోసెకన్లు దాచి ఉంచాలి. జ్ఞాపకానికి చిప్‌లు లేని కాలమది. కాబట్టి సిగ్నల్‌ను శబ్దంగా మార్చి, ఒక చిన్న గాజు బిళ్లలోకి వదిలారు. ఆ కంపనం గాజులో గోడ నుంచి గోడకు తగిలి తిరిగొచ్చేసరికి సరిగ్గా ఆ సమయం గడుస్తుంది. ఇదే పాల్ పద్ధతి. 1982లో మన దేశానికి రంగుల ప్రసారం వచ్చినప్పుడు ఎంచుకున్నదీ ఇదే. తొలినాటి రంగుల టీవీల్లో ఆ గాజు బిళ్ల పనిచేసింది. ఇప్పుడు రిసీవర్ మెనూలో కనిపించే ‘హ్యూ’ ఆ టింట్ మర వారసుడే. హెచ్‌డీఎంఐ తీగలో ఫేజ్ జరగడమనే ముచ్చటే లేదు కనుక దాన్ని సున్నా దగ్గరే వదిలేయాలి.

డిజిటల్ కాలంలో నలుపుకు అంకె వచ్చింది. 1982 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 0 నుంచి 255 దాకా ఉన్న మెట్లలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర నిలుస్తాయి. సినిమాలు ఈ లెక్కతోనే వస్తాయి. కంప్యూటర్లు మాత్రం 0నే నలుపంటాయి. ప్లేయరు ‘ఫుల్’ అని పంపి, టీవీ ‘లిమిటెడ్’ అనుకుంటే 16 లోపలి మెట్లన్నీ నలుపులో కలిసిపోతాయి. ‘దసరా’లో బొగ్గు ముద్దకట్టేది ఇక్కడే. దీనికి విరుద్ధంగా జరిగితే కాకి బూడిద రంగులో కనిపిస్తుంది.

రిసీవర్ వీటి మధ్యలో కూర్చుంటుంది. ప్లేయరు నుంచి బొమ్మను తీసుకుని టీవీకి అందించే దారిలో తనూ కాంట్రాస్ట్, బ్రైట్‌నెస్, షార్ప్‌నెస్ దిద్దగలదు. నా సలహా, దాన్ని దిద్దనివ్వొద్దు. రిసీవర్ దగ్గర ఒకసారి నలుపులో కలిసిపోయిన మెట్లను టీవీ తిరిగి తేలేదు. రిసీవర్‌లో అన్నీ సున్నాకు పెట్టి, బొమ్మను ఉన్నదున్నట్టు పోనిచ్చి, దిద్దుబాట్లు టీవీలోనే చేసుకోవాలి. ఒక పాత డీవీడీ ప్లేయరు మాత్రమే చీకటిగా చూపిస్తుంటే అప్పుడు రిసీవర్ పనికొస్తుంది. ఆ ఒక్క ఇన్‌పుట్‌కే నలుపును సవరించుకోవచ్చు.

టీవీలో ముందుగా ‘వివిడ్’ను తీసి ‘సినిమా’ మోడ్ పెట్టాలి. దుకాణంలో పక్క టీవీని మించి మెరవడానికి పెట్టే ఆ నీలపు వెలుగులో ‘బలగం’ ముసలివాళ్ల చామనఛాయ చర్మం పాలిపోతుంది. వీడియో ప్రమాణపు తెలుపు సుమారు 6500 కెల్విన్. మొదట్లో పసుపుగా అనిపించినా కొద్ది రోజుల్లో కన్ను అలవాటుపడుతుంది. తర్వాత నలుపు. బీబీసీ ఇంజనీర్లు తయారుచేసిన ‘ప్లూజ్’ అనే నమూనా బొమ్మలో నలుపు కన్నా కింద ఒక పట్టీ, కాస్త పైన ఒక పట్టీ ఉంటాయి. కింది పట్టీ మాయమై, పైది కనీకనబడకుండా మిగిలే చోట బ్రైట్‌నెస్‌ను ఆపాలి. కాంట్రాస్ట్ తెల్ల ధోవతి మడతలు పోనంత వరకే. షార్ప్‌నెస్ పెంచకపోవడమే మంచిది. అది కొత్త వివరమేమీ తేదు, చింతకొమ్మ అంచున తెల్లగీత గీస్తుందంతే.

వెలుగునీడల తేడాను ఇంకా ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ సినిమాలతో మరో చిక్కు వచ్చింది. 2014లో ప్రమాణమైన పీక్యూ పద్ధతిలో సిగ్నల్ ‘ఇన్ని నిట్ల వెలుగు’ అని నేరుగా చెబుతుంది. అది మసక గదిలో చూసేందుకు కట్టిన లెక్క. మే నెల మధ్యాహ్నం రామగుండంలో కిటికీ నుంచి వచ్చే వెలుతురు తెర మీద పడి కంటికే తిరిగొస్తే, నలుపు మీద అదంతా కలుస్తుంది. దాన్ని తీసేసే సెట్టింగు ఏ మెనూలోనూ లేదు. ఆ గదికి కావాల్సింది మందపాటి పరదా.