ట్రాక్టరు ముందు చక్రము బేరింగు మార్చుట

దమ్ములో తిరిగే ట్రాక్టరుకు ముందు చక్రాల బేరింగులు త్వరగా అరుగును. సీలు దాటి బురదనీరు లోనికి పోవుటయే కారణము. వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు చక్రమును జాకీతో ఎత్తి, ఇరుసు క్రింద గట్టి దుంగ ఉంచండి; జాకీ ఒక్కదానినే నమ్మరాదు. పిమ్మట చక్రమును పైన, క్రింద పట్టి ఊపండి. కదలాడినా, త్రిప్పినప్పుడు గరగరమన్నా విప్పి చూడవలసినదే. అశ్రద్ధ చేసినచో దారిలో చక్రమే ఊడవచ్చును.

రోలర్లు మాత్రము మార్చి, హబ్బులోని పాత కప్పును వదలివేయుట కొందరి పొదుపు. ఆ కప్పుపై పడిన గుంటలు క్రొత్త రోలర్లను కొద్దికాలములోనే పాడుచేయును. రెండింటిని, సీలును కలిపి మార్చండి. గ్రీజును అరచేతితో రోలర్ల సందులలోనికి ఎక్కించండి. చక్రము త్రిప్పుచు నట్టు బిగించి, పిన్ను రంధ్రము కలియువరకు కొద్దిగా వెనుకకు వదలండి. బిగువు ఎక్కువైన బేరింగు వేడెక్కి మాడిపోవును. పాత పిన్నును మరల వాడకండి.