కొత్త బండికి ఒక కమాన్ పట్టీ ఎక్కువైతే?

కొత్త సరుకు బండి షోరూము నుంచి బయటికి వచ్చే రోజు ఎంత హడావుడి ఉంటుందో మీరు చూసే ఉంటారు. పసుపు, కుంకుమ, పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు! కాని అంతకు ఒకటి రెండు రోజుల ముందు, చాలాచోట్ల, మరొక చిన్న తంతు జరుగుతుంది. అది ఎవరూ ఫోటో తీయరు. బండి వెనుక భాగాన్ని జాకీతో లేపి, ఇరుసు మీదుండే కమాన్ కట్ట విప్పి, పక్కకొక ఉక్కు పట్టీ అదనంగా చొప్పించి మళ్లీ బిగిస్తారు. 'బండి గట్టిపడింది' అంటారు.

నిజంగా గట్టిపడుతుందా? ఈ ప్రశ్న నేను మా బావమరిది దగ్గర నేర్చుకున్నాను. కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాననే చెప్పాలి.

2017 ఎండాకాలంలో అతను చిన్న సరుకు బండి కొన్నాడు. మదనపల్లె మార్కెట్టు నుంచి టమోటా క్రేట్లు మద్రాసు కోయంబేడుకు తోలడం అతని పని. షోరూములో బండి కిందికి వంగి చూసి, "బావా, పట్టీలు అయిదే ఉండాయి. పక్కకొకటి వేయిస్తే మంచిది గదా?" అన్నాడు. అమ్మకాల కుర్రాడు వెంటనే అందుకున్నాడు: "డెలివరీకి ముందే మా మనిషితో వేయించి ఇస్తాం సార్. ఇక్కడ అందరూ వేయించుకునేదే." నేను పక్కనే నిలబడి ఉన్నాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు హుక్ నియమం చెబుతున్న అయ్యవారిని. అయినా నోరు మెదపలేదు. గట్టిది చేయిస్తే తప్పేముందిలే అని నాకూ అనిపించింది.

ఇంతకీ ఈ పట్టీ చేసే పని ఏమిటి? మీ ఇంట్లోనే చూడవచ్చు. ఒక సన్నని ఉక్కు స్కేలు తీసుకోండి. బల్ల అంచు నుంచి 24 సెంటీమీటర్లు బయటికి ఉండేటట్లు పెట్టి, బల్ల మీది భాగాన్ని గట్టిగా అదమండి. చివర దారంతో 100 గ్రాముల తూకపు రాయి వేలాడదీసి, కొస ఎంత దిగిందో కొలవండి. రెండు రాళ్లు కడితే రెండింతలు దిగుతుంది. బలం ఎంతో వంపు అంత. ఇదే రాబర్ట్ హుక్ చెప్పిన నియమం. ఆయన దీన్ని 1676లో అక్షరాలు తారుమారు చేసిన పొడుపుకథలాగా అచ్చువేసి, దాని గుట్టు 1678లోగాని విప్పలేదు. ఈలోగా మరొకరు తమదని చెప్పుకోకుండా చేసిన ఏర్పాటు అది!

ఇప్పుడు స్కేలును లోపలికి జరిపి 12 సెంటీమీటర్లే బయట ఉంచండి. పొడవు సగమైంది, కాని వంపు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. తరువాత మళ్లీ 24 సెంటీమీటర్లకు తెచ్చి, అటువంటిదే మరో స్కేలును దానిపై వదులుగా పేర్చండి. వంపు సగమవుతుంది. ఆ రెండింటినీ జిగురుతో ఒక్కటిగా అతికించగలిగితే? అప్పుడు వంపు ఎనిమిదో వంతే! ఎందుకంటే వదులుగా ఉన్న పట్టీలు వంగేటప్పుడు ఒకదానిపై ఒకటి జారుతాయి, అతికితే జారలేవు. కమాన్ కట్టలో పట్టీలు విడివిడిగా ఉండేది అందుకే. ఆ జారడంలోని ఘర్షణ బండి ఊగును కొంత తగ్గిస్తుంది కూడా. తుప్పు పట్టి పట్టీలు పట్టేసుకున్న పాత లారీ ఎందుకంత కుదుపుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు.

సరే, మా బావమరిది బండి దగ్గరకు వద్దాం. లెక్క తేలికగా ఉండేందుకు గుండ్రటి అంకెలు తీసుకుంటున్నాను. సరుకు బరువంతా వెనుక ఇరుసు మీదే పడుతుందనీ, అయిదు పట్టీల కట్టలు రెండూ కలిసి 100 కిలోలకు ఒక సెంటీమీటరు దిగుతాయనీ అనుకుందాం. బండి మోయవలసింది 1000 కిలోలు, అంటే 25 కిలోల క్రేట్లు నలభై. అప్పుడు బండి 10 సెంటీమీటర్లు దిగుతుంది. ఆరో పట్టీ వేస్తే, అన్ని పట్టీలూ ఒకే తీరువైతే, సెంటీమీటరు దిగడానికి 120 కిలోలు కావాలి. ఇప్పుడు అదే 10 సెంటీమీటర్లు దిగాలంటే ఎన్ని క్రేట్లు వేయాలి? నలభై ఎనిమిది!

సరిగ్గా అదే జరిగింది. మార్కెట్టులో క్రేట్లు ఎక్కించేవాళ్లకు కాటా అక్కరలేదు. బండి ఎంత కుంగిందో చూసి 'ఇంకో నాలుగు పడతాయి' అంటారు. ఆ కుంగుడు బండి మనతో మాట్లాడే భాష. ఆరో పట్టీ ఆ మాటను గొంతులోనే ఆపేసింది. ఇరుసు పాతదే, బేరింగులు పాతవే, టైర్లు పాతవే, బ్రేకులు పాతవే. ఒక్క స్ప్రింగు మాత్రమే 200 కిలోలు అదనంగా మోయడానికి సిద్ధమైంది. ఆ బరువును మిగిలినవన్నీ చప్పుడు చేయకుండా మోశాయి.

తిరుగు ప్రయాణంలో ఇంకో చిక్కు. ఖాళీ బండి వెనుక స్ప్రింగుల మీద 300 కిలోలే ఉన్నాయనుకోండి. అయిదు పట్టీలతో అది నిమిషానికి సుమారు 173 సార్లు పైకీ కిందికీ ఊగగలదు. ఆరు పట్టీలతో సుమారు 189 సార్లు. స్ప్రింగు ఎంత బిగుసుకుంటే ఊగు అంత చిటచిటలాడుతుంది. ఆ ఊగును అణచేందుకు నూనె నింపిన షాక్ అబ్జార్బర్లు ఉన్నాయి గాని, కంపెనీవారు వాటిని అయిదు పట్టీల ఊగుకు సరిపడేటట్లు అమర్చారు. ఆరో పట్టీ సంగతి వాటికి తెలియదు. గతుకుల్లో చక్రం మాటిమాటికీ నేలను సరిగా అదమకుండా పోతుంది. నేలను అదమని టైరుకు పట్టు ఎక్కడిది? మొదటి వానకు, పుంగనూరు దాటాక ఒక మలుపులో బండి వెనుక భాగం పక్కకు జారిందని అతను ఫోన్లో చెప్పాడు. రోడ్డు మీద బురద అనుకున్నాం.

అసలు సంగతి మొగిలి ఘాట్లో బయటపడింది.

పలమనేరు నుంచి చిత్తూరు వైపు దిగే దారి అది. నలభై ఎనిమిది క్రేట్లతో దిగుతున్నాడు. ముందు చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చింది. తరువాత బ్రేకు పెడలు కాలి కింద మెత్తబడింది. తొక్కితే లోపలికి పోతోంది. అదృష్టవశాత్తు చిన్న గేరులో ఉన్నాడు. హ్యాండ్ బ్రేకు లాగి, ఒక మట్టి గట్టుకు ఆనించి ఆపగలిగాడు. ఆ రాత్రి నాకు ఫోను చేసినప్పుడు అతని గొంతు ఇంకా వణుకుతూనే ఉంది.

ఆ వేడి ఎంతో లెక్క కట్టి చూద్దాం. బండీ సరుకూ కలిసి 2400 కిలోలు అనుకోండి. 100 మీటర్ల ఎత్తు నుంచి వేగం పెరగకుండా దిగాలంటే, దాని స్థితిజ శక్తిలో సుమారు 23 లక్షల 50 వేల జౌళ్లను ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాలి. అంత శక్తితో 8 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచవచ్చు. గేరులో ఉన్న ఇంజను కొంత మింగుతుంది. మిగిలినది బ్రేకులలో వేడిగా మారవలసిందే. ఆ వేడికి బ్రేకు నూనె మరిగితే అందులో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కలేం, ఆవిరిని నొక్కగలం. పెడలు మెత్తబడటమంటే ఇదే.

అయితే ముందు బ్రేకులే ఎందుకు కాలాయి? వెనుకవి ఏం చేస్తున్నట్టు?

మరునాడు చిత్తూరులో ఒక వర్క్‌షాపుకు నేనూ వెళ్లాను. అక్కడి పెద్ద మేస్త్రీ బండి కిందికి దూరి, బయటికి వచ్చి, నన్ను కూడా గోనెపట్ట మీద పడుకోబెట్టి ఒక సన్నని కడ్డీ చూపించాడు. దాని ఒక కొస వెనుక ఇరుసుకు, మరో కొస ఛాసిస్ మీదున్న చిన్న కవాటానికి తగిలించి ఉంది. ఖాళీ బండిలో వెనుక చక్రాలను గట్టిగా పట్టేస్తే అవి తిరగకుండా జారిపోతాయి. బరువుతో ఉన్నప్పుడేమో వెనుక కూడా గట్టిగానే పట్టాలి. వెనుకకు ఎంత బ్రేకు పంపాలో ఆ కవాటం నిర్ణయిస్తుంది. దానికి బరువు ఎలా తెలుస్తుంది? బండి ఎంత కుంగిందో ఆ కడ్డీ చెబుతుంది! (కొన్ని బళ్లలో ఈ పని ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరుగుతుంది.)

ఆరో పట్టీ వేసినప్పుడు ఖాళీ బండి రెండు సెంటీమీటర్లు పైకి లేచిందనుకోండి. 1200 కిలోలు వేస్తే 10 సెంటీమీటర్లు దిగింది. పాత స్థానంతో పోలిస్తే దిగింది 8 సెంటీమీటర్లే. కవాటం దృష్టిలో బండిలో ఉన్నది 800 కిలోలు! నాలుగు వందల కిలోల అబద్ధాన్ని నమ్మి అది వెనుక చక్రాలకు తక్కువ బ్రేకు పంపింది. వాటి వంతు పని కూడా ముందు చక్రాల మీద పడింది.

"పట్టీ వేసినవాడు ఈ కడ్డీని ముట్టుకోనే లేదు సార్" అన్నాడు మేస్త్రీ. నాకు సిగ్గేసింది. ఆ కడ్డీ నేను పిల్లలకు చెప్పే హుక్ నియమం మీదే పనిచేస్తోంది.

మేస్త్రీ ఆ పట్టీలు తీసేసి, కడ్డీని కంపెనీ కొలతకు సరిచేసి, ముందు బ్రేకు ప్యాడ్లు, నూనె మార్చాడు. ఎక్కువ బరువే మోయాలనుకుంటే కంపెనీవారే అందుకు తగిన బండి అమ్ముతారు. అందులో ఇరుసు, టైర్లు, బ్రేకులు, ఆ కవాటం అన్నీ కలిపి మార్చి ఉంటాయి. ధర కూడా ఎక్కువే, అందుకే పట్టీ చవక అనిపిస్తుంది. చట్టం సంగతీ ఒక మాట. రిజిస్ట్రేషన్ పత్రంలోని తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 సవరణతో నియమాలకు విరుద్ధంగా బండిని మార్చి అమ్మే డీలరుకు బండికి లక్ష రూపాయల జరిమానా, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. అమ్మకాల కుర్రాడు 'అందరూ వేయించుకునేదే' అన్నాడు గాని బిల్లులో మాత్రం ఆ పట్టీల ఊసే లేదు!

ఓడల పక్కన ఒక గీత గీసి ఉంటుంది, చూశారా? అది నీటిలో మునిగేదాకా సరుకు నింపకూడదు. శామ్యూల్ ప్లిమ్‌సాల్ పోరాటం వల్ల 1876లో బ్రిటనులో అది చట్టమైంది. అది గుర్తుకొచ్చి, నలభై క్రేట్లు వేయించి, వెనుక చక్రం నడిమి నుంచి బాడీ ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలిచి, అంత పొడవు వెదురుబద్ద ఒకటి కోసి మా బావమరిదికి ఇచ్చాను. బండి నింపాక దాన్ని చక్రం దగ్గర నిలబెట్టి చూడాలి. బద్ద పట్టకపోతే క్రేట్లు దించాలి. మార్కెట్టులో కుర్రాళ్లు మొదట నవ్వారట. ఇప్పుడు పక్క బండివాళ్లు కూడా తమ బండికి కొలిచి ఇమ్మని అడుగుతున్నారని చెప్పాడు. ఏ బండి కొలత దానిదే గనుక, ఈ ఆదివారం టేపు పట్టుకుని మళ్లీ వెళ్లాలి.