స్నానాల గదిలో నీరు నెమ్మదిగా దిగడం: కారణ నిర్ధారణ, మరమ్మతు

షవరు కింద నీరు నిలిచిందంటే వెంటనే యాసిడ్ పోయడం, లేదా టైల్స్ పగలగొట్టించడం చాలా ఇళ్ళలో అలవాటు. అడ్డు ఎక్కడుందో ముందుగా గుర్తిస్తే ఈ రెండూ తరచుగా అవసరం ఉండవు.

కాకినాడ జిల్లాలోని ఉప్పాడను ఉదాహరణగా తీసుకుందాం. ఇది సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. ఇటువంటి చోట మూడు కారణాలను పరిశీలించాలి.

1. వెంట్రుకలు, సబ్బు తెట్టు: కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి. అది వెంట్రుకలను పట్టుకుని గొట్టాన్ని ఇరుకు చేస్తుంది.
2. ఇసుక: కాళ్ళకు అంటుకుని వచ్చిన ఇసుక నహానీ ట్రాపు అడుగున పేరుకుంటుంది.
3. ఇంకుడు గుంత: వానాకాలంలో భూగర్భజలం పైకి వస్తే గుంతలోని నీరు ఇంకదు.

కారణ నిర్ధారణ

ఒక బకెట్ నీరు పోసి గమనించండి. స్నానాల గదిలో మాత్రమే నీరు నిలిస్తే అడ్డు ట్రాపులోనో, దాని తరువాతి గొట్టంలోనో ఉంటుంది. వంటింటి నీరు కూడా నిలిస్తే బయటి ఛాంబరు మూత తీసి, కాసేపు ఆగి, దూరం నుంచే చూడండి. ఛాంబరు నిండి ఉంటే అడ్డు దాని అవతల ఉంది; ఖాళీగా ఉంటే ఇవతల ఉంది. వానల్లో మాత్రమే ఇబ్బంది వస్తుంటే ఇంకుడు గుంతను అనుమానించాలి.

మరమ్మతు

చేతి తొడుగులు వేసుకుని జాలీని, ట్రాపులో బోర్లించిన గిన్నె ఉంటే దాన్ని కూడా పైకి తీయండి. వెంట్రుకలను, ఇసుకను చేత్తో తీసివేయండి. ఇసుకను నీటితో లోపలికి నెట్టకండి. అది ముందున్న గొట్టంలో మళ్ళీ పేరుకుంటుంది. అడ్డు ఇంకా లోపల ఉంటే ప్లంజరు గానీ, పొడవాటి స్ప్రింగు తీగ గానీ వాడండి. గుంత నిండినప్పుడు గొట్టాలు ఎంత శుభ్రం చేసినా ఫలితం ఉండదు. నీటి వాడకం తగ్గించాలి; వీలుంటే మురుగు కాలువకు కలిపించాలి.

జాగ్రత్తలు

యాసిడ్ ఇసుకను కరిగించదు. పైగా బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే ప్రాణాపాయకరమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. నీరు త్వరగా పోతుందని కొందరు ట్రాపులోని గిన్నెను పారేస్తారు. అలా చేస్తే ట్రాపులో సాధారణంగా 50 మిల్లీమీటర్ల లోతున నిలిచే నీటి అడ్డు పోయి, దుర్వాసన, బొద్దింకలు ఇంట్లోకి వస్తాయి. కాబట్టి గిన్నెను తిరిగి అమర్చి, ఒక బకెట్ నీరు పోసి పని ముగించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

స్నానాల గదిలోనూ వంటింట్లోనూ నీరు నిలుస్తోంది, కానీ బయటి ఛాంబరు ఖాళీగా ఉంది. అడ్డు ఏ భాగంలో ఉండవచ్చు? కారణం రాయండి.