టామీకి పులుసన్నమా... ఆగండి!

సికింద్రాబాద్‌లో సైనిక్‌పురి, మారేడ్‌పల్లి వైపు పాత ఇళ్ల గేటు తీస్తే ముందు పలకరించేది కుక్కే. వెనకాల జామచెట్టు, మామిడి, కరివేపాకు... కొన్నిళ్లలో డాబా మీదికి పాకించిన ద్రాక్షతీగ. రాలిన కాయల మీద తొలి హక్కు టామీదే! 'పెరటి కాయేగా, మందులు కొట్టింది కాదుగా' అని ఇంట్లోవాళ్లూ ఊరుకుంటారు. జామ విషయంలో ఫర్వాలేదు. ద్రాక్ష దగ్గరే వస్తుంది చిక్కు.

జంటనగరాలకు ద్రాక్ష కొత్తేం కాదు. 'అనాబ్‌ ఎ షాహీ' రకం పేరు తెచ్చుకుంది ఇక్కడి తోటల్లోనే. పిల్లలకు అంత మంచి పండు కుక్క కిడ్నీలను రెండుమూడు రోజుల్లో దెబ్బతీయగలదంటే నమ్మబుద్ధి కాదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష తిని కిడ్నీలు పాడైన కుక్కల గురించి 2001లో అమెరికాలోని నిపుణులు రాసేదాకా పశువైద్యులూ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. విచిత్రం ఏమిటంటే, ఒక కుక్క గుత్తి మింగినా హాయిగా తిరిగేది. మరోదానికి కొద్దిపళ్లకే ప్రాణం మీదికొచ్చేది. ఎందుకో ఇరవై ఏళ్లు అంతుపట్టలేదు.

ఆ ముడి విప్పడంలో సాయపడిన వాటిలో ఒకటి... మన చింతపండు!

కేకుల్లో వాడే క్రీమ్‌ ఆఫ్‌ టార్టార్‌ తిన్న కుక్కల్లోనూ, చింతపండు తిన్న కుక్కల్లోనూ అచ్చం ద్రాక్ష తిన్నప్పటి లక్షణాలే కనిపించాయి. ఈ మూడింటిలోనూ ఉన్నది టార్టారిక్‌ ఆమ్లం. 2021 నుంచి నిపుణుల అనుమానమంతా దాని మీదే. పండు రకాన్నిబట్టి, పక్వాన్నిబట్టి ఆమ్లం పాళ్లు మారిపోతాయి. కాబట్టి 'ఇన్ని పళ్లు తినొచ్చు' అని లెక్క చెప్పడం కుదరదు. చింతపండు గుజ్జులోనైతే అది 8 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. ద్రాక్షలో కంటే ఎన్నోరెట్లు ఎక్కువ!

ద్రాక్షతీగ ఏ కొద్ది ఇళ్లలోనో ఉంటుంది. చింతపండు లేని ఇల్లేదీ? చారు పలచన కాబట్టి దాని సంగతి అలా ఉంచినా, రసం పిండేశాక పారేసే పిప్పి, పెరట్లో ఎండబెట్టిన చింతపండు టామీకి అందకూడదు. రాత్రి మిగిలిన పులుసన్నం కూడా దాని గిన్నెలో వేయొద్దు. అందులో పులుపుతోపాటు ఉల్లిపాయలూ ఉంటాయి మరి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను చిదిమేస్తాయి. పది కిలోల కుక్కకు 150 గ్రాముల ఉల్లి చాలు. ఉడికించినా ఆ గుణం పోదు. నీరసం, ముదురు రంగు మూత్రం కొన్నిరోజుల తర్వాతగానీ బయటపడవు. అప్పటికి ఆ పులుసు ఎవరికి గుర్తుంటుంది?

ద్రాక్షతో అయితే సాధారణంగా ఒక రోజులోపే వాంతులు మొదలవుతాయి. ఆ తర్వాత తిండి మానేయడం, మూత్రం తగ్గిపోవడం. అందాకా ఆగకూడదు. తిన్నదని తెలియగానే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కక్కించాలని ఉప్పునీళ్లు పట్టించడం మరీ ప్రమాదం. ఏం తిన్నది, ఎప్పుడు, ఎంత తిన్నది, కుక్క బరువెంత... ఇవి చెప్పగలిగితే డాక్టరుకు సగం పని తప్పుతుంది.

మరి పెరట్లోంచి ఏం పెట్టాలంటారా? పండిన జామ ముక్క, క్యారెట్‌, కీరా, ఉడికించిన గుమ్మడి, గింజలు తీసిన బొప్పాయి. అన్నీ కొంచెం కొంచెంగానే. మామిడిపండు పెట్టొచ్చుగానీ టెంక మాత్రం మీరే ఉంచుకోండి. మింగిందంటే పేగులో అడ్డం పడుతుంది.