ఊరు దాటితే ఏమవుతుంది?

ఈ రోజు టాపిక్ ప్రయాణం. మనుషులు ఎందుకు ఊళ్ళు తిరుగుతారు? తిరిగొచ్చాక లోపల ఏం మారుతుంది? నేను చేసిన రెండు ట్రిప్పుల గురించి చెప్తాను. ఒకటి పూర్తిగా ఫెయిల్. రెండోది మా అమ్మతో.

రెండేళ్ళ క్రితం నా ఉద్యోగం పోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. లీవు పెట్టానని అబద్ధం చెప్పి, హైదరాబాద్‌లో గోవా బస్సెక్కాను. అక్కడికి పోతే మనసు తేలికవుతుందనుకున్నాను. మొదటి రోజు బాగుంది. రెండో రోజు ఫోటోలు పెట్టాను, లైకులు వచ్చాయి. మూడో రోజు రాత్రి రూమ్‌లో ఒక్కడినే కూర్చుని ఏడ్చాను. ఎందుకంటే నా బాధ కూడా నాతో పాటు అదే బస్సెక్కి వచ్చింది. టికెట్ నాకొక్కడికే కొన్నా, దిగింది ఇద్దరం.

ఇది నా ఒక్కడి కథ కాదు. నెదర్లాండ్స్‌లో 1,530 మందిని అడిగి చేసిన ఒక స్టడీ 2010లో వచ్చింది. టూర్ వెళ్ళేవాళ్ళు ఎక్కువ సంతోషంగా ఎప్పుడున్నారో తెలుసా? వెళ్ళకముందు. టికెట్లు బుక్ చేసుకుని, రోజులు లెక్కపెట్టుకునేటప్పుడు. వచ్చాక చూస్తే వెళ్ళినవాళ్ళకీ, వెళ్ళనివాళ్ళకీ పెద్ద తేడా లేదు. చాలా ప్రశాంతంగా గడిపి వచ్చినవాళ్ళకి మాత్రం ఆ సంతోషం కొన్ని వారాలు మిగిలింది. అంతే.

మరి సంతోషం అంత తొందరగా ఆవిరైపోతే, మనుషులు ఎందుకు తిరుగుతారు?

పాతకాలంలో మనవాళ్ళు ఒక మాట అనేవాళ్ళు. కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే అని. మళ్ళీ వస్తాడన్న నమ్మకం లేదు. అయినా పోయేవాళ్ళు. 1830 మే నెలలో మద్రాసు నుంచి ఏనుగుల వీరాస్వామయ్య గారు కాశీకి బయల్దేరారు. అక్కడి సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన మనిషి. వెంట వంద మంది దాకా ఉన్నారు. అప్పటికి మన దేశంలో ప్యాసింజర్ రైలే లేదు. తిరిగి రావడానికి 15 నెలలు దాటింది. దారిలో చూసిందంతా రాసుకున్నారు. అదే 'కాశీయాత్ర చరిత్ర', 1838లో అచ్చయింది. బయల్దేరింది పుణ్యం కోసం. కానీ ఏ ఊళ్ళో నీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ బజారు ఉంది, జనం ఎలా బతుకుతున్నారు, ఇవన్నీ అందులో ఉన్నాయి. అంటే దారి పొడుగునా ఆయన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

కొత్త చోట అందరికీ అలాగే అవుతుంది. హోటల్‌లో మొదటి రాత్రి మీకు నిద్ర సరిగ్గా పట్టదు కదా? అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ళు దాని మీద 2016లో ఒక విషయం బయటపెట్టారు. కొత్త చోట మొదటి రాత్రి మన మెదడులో ఎడమ సగం పూర్తిగా నిద్రపోదు. చప్పుళ్ళు వింటూ కాపలా కాస్తుంది. అదే మన ఇంట్లో అయితే పగలు కూడా సగం నిద్రలోనే ఉంటాం. రోజూ దాటే పక్కింటి గేటు ఏ రంగో అడిగితే టక్కున చెప్పలేం.

ఇప్పుడు అమ్మ సంగతి.

మాది కరీంనగర్ దగ్గర ఒక ఊరు. అమ్మకి 52 ఏళ్ళు. అప్పటిదాకా సముద్రం చూడలేదు. ఆమె ప్రయాణాలు చేయలేదా అంటే, చాలా చేసింది. పెళ్ళిళ్ళకి పోయింది, చావులకి పోయింది, నానమ్మని పట్టుకుని హాస్పిటళ్ళకి పోయింది, నా మొక్కు తీర్చడానికి వేములవాడ పోయింది. ఒక్కటీ తన కోసం కాదు. నాకు ఈ విషయం గోవా నుంచి వచ్చాక తట్టింది. కొత్త ఉద్యోగం దొరికాక మొదటి జీతంతో వైజాగ్ టికెట్లు బుక్ చేశాను.

రాత్రి రైలు. రాజమండ్రి వంతెన మీద గోదావరిలో పైసలు వెయ్యాలని, రూపాయి బిళ్ళ చేతిలో పట్టుకుని నిద్రపోకుండా కూర్చుంది.

పొద్దున ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "గిదేందిరా, అవుతలి ఒడ్డే లేదు" అంది. అల వస్తే వెనక్కి ఉరికింది, పోతే ముందుకు ఉరికింది. మా అమ్మ ఉరకడం నేను ఎప్పుడూ చూడలేదు. నేను ఫోన్ తీశాను. "జేబుల పెట్టు, నువ్వు సూడు" అంది.

ఇసకలో కూర్చున్నాక నా ఉద్యోగం పోయిన సంగతి మొత్తం చెప్పేశాను. "నాకెర్కనే బిడ్డా. ఆఫీసున్నోనివి పగటీలి మూడుసార్లు ఫోన్ జేస్తవా?" అంది. ఇంట్లో ఆర్నెల్లు ఇద్దరం దాచుకున్నది అక్కడ రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇంట్లో నేను కొడుకుని, ఆమె అమ్మ. ధైర్యంగా కనిపించడం ఇద్దరి డ్యూటీ. అక్కడ చూసేవాళ్ళు ఎవరూ లేరు.

కానీ నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది టిఫిన్ సెంటర్. మొదటి రోజు సర్వర్ వచ్చి, "అమ్మా, మీకేటి కావాలి?" అన్నాడు. అమ్మ నా మొహం చూసింది. "నువ్వేం తింటే గదే" అంది. ముప్పై ఏళ్ళు అందరికీ ఏం కావాలో అడిగి వండిన మనిషికి, తనకేం కావాలో చెప్పడం రాలేదు. నాకు గొంతులో ముద్ద దిగలేదు. రెండో రోజూ అదే మాట. మూడో రోజు నేను అడగకముందే, "నాకు పెసరట్టు. ఉల్లిగడ్డ ఎక్కువేయమను" అంది.

నాకు అర్థమైంది ఇదే ఫ్రెండ్స్. ప్రయాణం మన కష్టాన్ని తీసేయదు. గోవాలో నాది తీరలేదు. దాని సంతోషం కూడా ఎక్కువ రోజులు ఉండదు. కానీ ఇంట్లో మనం ఎవరో ముందే ఖాయమైపోయి ఉంటుంది. మనకేం కావాలో ఎవరూ అడగరు, మనం కూడా మర్చిపోతాం. బయట మనమెవరో ఎవరికీ తెలియదు కాబట్టి, ఆ ప్రశ్న మళ్ళీ మొదటి నుంచి వస్తుంది. జవాబు చెప్పడానికి కొందరికి మూడు రోజులు పడుతుంది. అందుకే మనుషులు తిరుగుతారని నేననుకుంటాను.

కాబట్టి మీరు ఈసారి ట్రిప్ ప్లాన్ చేసేటప్పుడు ఫ్రెండ్స్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టే ముందు, మీ ఇంట్లో ఇప్పటిదాకా తన కోసం ఊరు దాటని మనిషి ఎవరో ఒక్కసారి చూడండి. పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఒక రాత్రి రైలు చాలు.

మేం తిరిగొచ్చి ఏడాది దాటింది. సముద్రం గురించి అమ్మ పెద్దగా మాట్లాడదు. కానీ పోయిన ఆదివారం నేను ఇంటికి వెళ్తే, పొయ్యి దగ్గర నుంచి అడగలేదు, చెప్పింది. "ఇయ్యాల నాకు పెసరట్టు తినబుద్ధయితుంది. నీకు గూడ గదే పోస్తున్న."