వేరుశెనగ చెక్కలో బూజు – పాలలో విషము



పాలు పాడైనవంటే మనకు తెలిసిన రకాలు మూడు. ఒకటి పులియటం, రెండోది విరగటం, మూడోది నీళ్లు కలవటం. మొదటి రెంటినీ నాలుకే పట్టేస్తుంది. మూడోదాన్ని పాలకేంద్రంలో లాక్టోమీటరు పట్టేస్తుంది. నాలుగో రకం ఒకటున్నది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పాలు పొంగించి కాచినా అది పోదు. పితికే చేతి మురికివల్లనో, కడగని బిందెవల్లనో వచ్చేది కాదది. పశువు తిన్న దాణాలోంచి రక్తంలోకి, రక్తంలోంచి పొదుగులోకి దిగి వస్తుంది. దానిని అఫ్లటాక్సిన్ అంటారు. బూజు విషమని మనం చెప్పుకోవచ్చును.

ఈ విషం సంగతి లోకానికి తెలియటానికి వేరుశెనగే కారణమయింది. 1960లో ఇంగ్లండు దేశంలో కొద్ది నెలల్లో లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చిపోయినవి. కోసి చూస్తే కార్జాలు పాడై ఉన్నవి గాని, ఏ రోగక్రిమీ దొరకలేదు. పేరు తెలియని రోగం గనుక 'టర్కీ ఎక్స్ రోగం' అని పిలిచారు. చివరకు మేత మీద అనుమానం వచ్చింది. విచారించగా, బ్రెజిల్ దేశంనుంచి వచ్చిన వేరుశెనగ పిండి ఆ మేతలో కలిసిందని బయటపడింది. ఆ పిండిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరిగి విషం వదిలింది. బూజు పేరులోని మొదటి అక్షరాలు తీసుకునే విషానికి పేరు పెట్టారు. అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసే రకానికి బి అనీ, పచ్చగా మెరిసే రకానికి జి అనీ గుర్తులు పెట్టారు. వీటన్నిటిలోకి బి1 అనేది మహా చెడ్డది.

అక్కడితో ఆగితే ఇది కోళ్ల వ్యవహారమే అయ్యేది. కాని 1963లో ఇంగ్లండు పశువైద్య శాస్త్రజ్ఞులు ఇంకొకటి చూశారు. విషపు పిండి తిన్న ఆవుల పాలను బాతుపిల్లలకు పెట్టి పరీక్షిస్తే, ఆ పాలు వాటికి విషమైనవి. ఆవు మాత్రం పైకి బాగానే ఉన్నది! ఆవు కార్జం బి1ను కొంత మార్చి బయటికి పంపుతుంది. పాలలో వచ్చే ఆ మారురూపానికే ఎమ్1 అని పేరు. బి1తో పోలిస్తే కాన్సరు కలిగించే శక్తి దీనికి పదోవంతు మాత్రమేనని నిపుణుల అంచనా. కాని పాలు ఎక్కువగా తాగేది ఎవరు? పసిపిల్లలు. పదోవంతు గదా అని ఊరుకోవటానికి వీల్లేనిది అందుకే.

మనుషుల మాటకు వస్తే మన దేశంలోనే జరిగిన దారుణం ఒకటున్నది. 1974 చివరలో గుజరాతులోని పంచమహల్, రాజస్థానులోని బాఁస్‌వాడా జిల్లాల గిరిజన గ్రామాలలో కామెర్ల వంటి జబ్బు వ్యాపించింది. అకాలవర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిన్నవారిలో 397 మంది జబ్బుపడితే, 106 మంది చనిపోయారు. ఊళ్లో కుక్కలు కూడా చచ్చినవి. కారణం ఈ అఫ్లటాక్సినేనని తేల్చినవారిలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులున్నారు. పాలద్వారా వచ్చేది అంత మోతాదు కాదు, అంత హఠాత్తుగా చంపేదీ కాదు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కార్జానికి చేరుతూ ఉంటుంది.

'కొద్దికొద్దిగా' అంటే ఎంత? ఇక్కడ కొంచెం లెక్క వేయాలి. ఓపిగ్గా చూడండి, కష్టమైనది కాదు. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షలవ వంతు. మన దేశపు నిబంధన ప్రకారం కిలో పాలలో ఎమ్1 అర మైక్రోగ్రాము దాటరాదు. మీ ఆవుకు రోజుకు రెండు కిలోల వేరుశెనగ చెక్క పెడుతున్నారనుకోండి. ఆ చెక్కలో కిలోకు 100 మైక్రోగ్రాముల బి1 ఉన్నదనుకోండి. ఆవు కడుపులోకి రోజుకు 200 మైక్రోగ్రాములు పోయినవి. దానిలో మామూలుగా నూటికి ఒకటి రెండు పాళ్లు పాలలోకి దిగుతుంది. రెండు పాళ్లే వేసుకుందాం: నాలుగు మైక్రోగ్రాములు. ఆవు ఎనిమిది లీటర్లు ఇస్తే, లీటరుకు అర మైక్రోగ్రాము. అంటే సరిగ్గా గీతమీద నిలబడ్డామన్నమాట. బాగా పాలిచ్చే సంకరజాతి ఆవులలో నూటికి ఆరు పాళ్లవరకు కూడా దిగవచ్చునని పరిశోధనలు చెబుతున్నవి. అందుకనే సంచుల్లో అమ్మే పశువుల దాణాకు కిలోకు 20 మైక్రోగ్రాముల బి1 మించరాదని భారత ప్రమాణాలలో హద్దు పెట్టారు.

ఇది వట్టి కాగితం లెక్క కాదు. 2018లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థవారు దేశమంతటా 6,432 పాల నమూనాలు తీయించి పరీక్షించారు. కల్తీవల్ల ప్రమాదమని తేలినవి 12 మాత్రమే. ఎమ్1 హద్దుమీరినవి 368. పాలు అనగానే కల్తీ కల్తీ అని పట్నంలో గోల చేస్తాం గాని, ఆ గోలకు అందని దోషం ముప్ఫైరెట్లున్నది!

ఇక ఈ బూజు చెక్కలోకి ఎట్లా వస్తుందో చూద్దాం. ఇందులో మన చేతి పని చాలా ఉన్నది. రాయలసీమలో బుడ్డలంటారు, తెలంగాణాలో పల్లికాయలంటారు. పేరేదైనా కథ ఒకటే. బూజు భూమిలోనే ఉంటుంది. కాయ ముదిరే ఆఖరు నెలలో వాన ముఖం చాటేసి, నేల వేడెక్కి, చెట్టు వాడిపోయినప్పుడు కాయకు ఉండే సహజమైన కాపుదల తగ్గుతుంది. బూజు లోపలికి దూరుతుంది. చెదలు, కాయతొలిచే పురుగులు చేసిన రంధ్రాలుంటే ఇక చెప్పనక్కర లేదు. నీటి వసతి ఉన్నవారు ఆ రోజుల్లో ఒక్క తడి ఇస్తే ఎంతో మేలు. పూత సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని చెప్పటంలో కాయ గట్టిదనంతోబాటు ఈ లాభం కూడా ఉన్నది.

పీకిన తర్వాత చేసే పొరపాట్లు ఇంకా పెద్దవి. పచ్చిచెట్లను వామి వేసి, తీరికైనప్పుడు కాయలు కోయవచ్చులే అని వదిలేస్తాం. వామి లోపల ఆవిరి, వేడి. బూజుకు అంతకంటె పెళ్లిపందిరి ఏం కావాలి? చెట్లను తిరగవేసి, కాయలు పైకి వచ్చేటట్లు వరుసగా పరచి ఆరబెట్టండి. గలగలమనేదాకా, గింజను నలిపితే పైపొర ఊడివచ్చేదాకా కాయ ఎండాలి. అప్పటికి కాయలో తేమ నూటికి ఎనిమిది తొమ్మిది పాళ్లకు దిగుతుంది. గింజ పగలకుండా ఉండాలని ఒలిచే ముందు కాయమీద నీళ్లు చల్లే అలవాటొకటి కొన్నిచోట్ల ఉన్నది. తూకం కూడా కలిసివస్తుందని కొందరి ఆశ. ఆ నీళ్లు బూజుకు పోసినట్లే.

ఇప్పుడు అసలు మెలిక. మంచిగింజలు ఏరి విత్తనానికో, తినటానికో అమ్ముతాం. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజుపట్టినవి ఎక్కడికి పోతున్నవి? గానుగకు. విషం నూనెలోకి పోయేది తక్కువ. చాలావరకు చెక్కలోనే నిలుస్తుంది. ఆ చెక్కను మనమే డబ్బిచ్చి కొని తెచ్చి మన గేదె కుడితిలో వేస్తాం. పొలంలో ఏరి పారేసిన గింజ చుట్టు తిరిగి మన పిల్లవాడి గ్లాసులోకి వచ్చిందన్నమాట. పత్తిగింజల చెక్కకు, మొక్కజొన్నకు కూడా ఈ బాధ తప్పదు. కాయ ఉండిపోయిన వేరుశెనగ కట్టె తడిసినా అంతే.

చెక్కను ఉడకబెడితే పోదా అని అడుగుతారు. పోదు. 250 డిగ్రీల వేడికి కూడా ఇది తేలికగా లొంగదు. మన పొయ్యిమీది నీళ్లు 100 డిగ్రీలు దాటవు గదా. అమోనియాతో విషం విరిచే పద్ధతి ఉన్నది గాని, అది మిల్లులలో జరగవలసిన పని, ఇంట్లో చేసేది కాదు. బెంటొనైటు అనే ఒక జాతి మట్టిని దాణాలో కలిపితే, అది విషాన్ని పేగులోనే పట్టుకుని పేడతో బయటికి పంపుతుందనీ, పాలలో ఎమ్1 తగ్గుతుందనీ పరీక్షలలో తేలింది. దీన్ని కూడా దాణా తయారుచేసేవారు కొలతప్రకారం కలపాలి. మట్టి అన్నారు గదా అని చెరువుమట్టి కలిపేరు సుమా!

ఇంట్లో చేయగలిగింది ఏమిటంటే, వానకాలంలో చెక్క నెలల తరబడికి కొనిపెట్టకుండా పదిహేను రోజులకు సరిపడా కొనండి. సంచులు నేలమీద, గోడకు ఆనించి పెట్టవద్దు; కింద బల్లచెక్కలు వేయండి. పూటకు కావలసినంతే నానబెట్టండి. పసుపుపచ్చగానో, ఆకుపచ్చగానో బూజు కనిపించిన ముక్క దూడకు అసలు పెట్టవద్దు, పెద్ద పశువుకంటె దూడకు హాని ఎక్కువ. 'పశువుకు పనికిరాకపోతే కోళ్లకు వేద్దాం' అనుకోవటం మరీ ప్రమాదం. టర్కీకోళ్ల కథ చెప్పింది అందుకే. పెంటకుప్పలో పూడ్చండి.

పెరుగు, పన్నీరు, నెయ్యి సంగతేమిటని ఇల్లాండ్రు అడుగుతారు. ఎమ్1 పాలలోని మాంసకృత్తులను అంటిపెట్టుకుంటుంది. కాబట్టి పాలు విరిచి పన్నీరు చేస్తే, అందులో కిలోకు పాలకంటె చిక్కగా, కొన్ని రెట్లు ఎక్కువగా చేరుతుంది. తోడువేసినంతమాత్రాన పెరుగులో పోయిందని నమ్మరాదు. నెయ్యిలోకి వచ్చేది బహు తక్కువ.

మేలు చేసే సంగతి ఒకటున్నది. విషపు చెక్క తిన్న పన్నెండు గంటలనుంచి ఒక రోజులోగానే పాలలో ఎమ్1 కనిపిస్తుంది. చెక్క మానేస్తే మూడు నాలుగు రోజులలో పాలు శుభ్రపడతవి. కాబట్టి అనుమానం వచ్చిన సంచి ఆ పూటే పక్కన పెట్టండి. పరీక్షకు పంపదలిస్తే ఒక్క గుప్పెడు తీసి పంపవద్దు. బూజు సంచి అంతటా సమంగా ఉండదు, ఒకచోట కుప్పగా ఉండి పక్కనే ఏమీ లేకపోవచ్చును. సంచి పైన, మధ్య, అడుగు, నాలుగు మూలలనుంచి కొంచెం కొంచెం తీసి, పొడిచేసి బాగా కలిపి, అందులోంచి అరకిలో పొడిగుడ్డ సంచిలో కట్టండి. కొన్న తేదీ, కొన్న చోటు ఒక చీటీమీద వ్రాసి అందులో వేసి, మీ పశువైద్యునికి గాని, పాలకేంద్రం వారికి గాని అందించండి.